బుర్రపెట్టెలోంచి తీసేసిన మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులు వాగుకు వెళ్లి నీళ్లు తాగడం మానేశాయి. ఎందుకు వెళ్తాయి చెప్పండి? కొండ మీది ఊట నుంచి వెదురు గొట్టాల్లో నీళ్లు ఇంటి ముందుకే వస్తుంటే!

ఆ నీళ్లు పంపే కంపెనీకి మేనేజరు ఒక నెమలి. పేరు పింఛారావు. ఆయన దగ్గర ఒక ముసలి ఉడుము పనిచేసేది. పేరు గట్టెమ్మ. రోజూ పొద్దున్నే గొట్టాల వెంట నడిచేది. అనుమానం వచ్చినచోట గొట్టానికి పొట్ట ఆనించి పడుకునేది. లోపల నీళ్లు సరిగ్గా పోతున్నాయో, ఎక్కడైనా కారుతున్నాయో ఆ పొట్టకు తెలిసిపోయేది.

పింఛారావుకు గట్టెమ్మతో ఒకటే చిక్కు. ఏమడిగినా, "ఏమో బాబూ, చూసొచ్చి చెప్తాను" అనేది.

"కంపెనీ అన్నాక ఠక్కున జవాబు చెప్పాలి. ఏమో ఏమిటి, ఏమో!" అని ఆయన విసుక్కునేవాడు.

ఒకరోజు పట్నం నుంచి ఒక కొంగ ఇంజనీరు వచ్చాడు. తనతో ఒక యంత్రం తెచ్చాడు. అది ఆలోచిస్తుంది, మాట్లాడుతుంది. పట్నంలో దాన్ని ఏఐ అంటారట. అడవిలో మాత్రం అందరూ బుర్రపెట్టె అన్నారు. కొంగ గొట్టాలకు తీగలు చుట్టాడు. తీగ ఉన్నంతమేరా నీళ్లెలా పోతున్నాయో పెట్టెకు తెలుస్తుంది.

మొదటి వారంలోనే పెట్టె భలే పని చేసింది. "ఇప్పచెట్టు దగ్గర అతుకు వదులైంది" అంది. గట్టెమ్మ వెళ్లి చూస్తే నిజమే!

"నాకు సగం నడక తప్పించావే తల్లీ" అని గట్టెమ్మ పెట్టెను నిమిరింది.

పింఛారావు పొంగిపోయాడు. అడవి మొత్తాన్నీ పిలిచి సభ పెట్టాడు. పురి విప్పుకుని పెట్టె పక్కన నిలబడ్డాడు.

"అడగండి! ఏమైనా అడగండి!" అన్నాడు.

ఏనుగు తన తొట్టి ఎప్పుడు నిండుతుందని అడిగింది. పెట్టె చెప్పింది. దుప్పి తన గొట్టంలో ధార ఎందుకు సన్నబడిందని అడిగింది. అదీ చెప్పింది. అందరూ ఆహా అన్నారు. చివర్న చెవులమ్మ లేచింది. చెవులమ్మ ఒక కుందేలు. గొట్టం ఆఖరున, రాళ్ల మిట్ట మీద నలుగురు పిల్లలతో ఉంటుంది.

"మా మిట్టకు రేపు నీళ్లొస్తాయా?" అని అడిగింది.

"నాకు తెలియదు. అక్కడిదాకా తీగ లేదు. ఎవరైనా వెళ్లి చూడాలి" అంది పెట్టె.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పింఛారావు పురి టపీమని మూసుకుపోయింది.

సభ అయ్యాక ఆయన కొంగను పక్కకు లాక్కెళ్లాడు.

"ఇదేం పెట్టెయ్యా? అందరిలో నా పరువు తీసింది! ఆ తెలియదనే మాట తీసెయ్!"

"తీసేస్తే తెలియనివాటికి కూడా ఏదో ఒకటి చెప్పేస్తుంది సార్. మంచిది కాదు."

"చెప్పనీవయ్యా! చెప్పడానికే కదా తెచ్చుకున్నది!"

కొంగ మూడుసార్లు వద్దన్నాడు. మూడుసార్లూ కావాలన్నాడు పింఛారావు. కొంగ పెట్టె వెనక ఒక మర తిప్పి, నిట్టూర్చి, ఎగిరిపోయాడు.

"ఇంక నువ్వు నడవక్కర్లేదు, ఇంట్లో కూర్చో" అని గట్టెమ్మకు చెప్పేశాడు పింఛారావు.

సంగతి ముందుగా పసిగట్టింది కొమ్మన్న అనే కోతి. ఏమీ తోచక పెట్టె దగ్గరకొచ్చి, "నా తోక పొడవెంత?" అని అడిగాడు.

"ఏడు మూరల రెండు బెత్తెలు" అంది పెట్టె, తడుముకోకుండా.

కొమ్మన్న తోక కొలుచుకున్నాడు. రెండు మూరలు కూడా లేదు. కళ్లు మెరిశాయి.

"మా మేనమామ పెళ్లెప్పుడు?"

"బుధవారం."

కొమ్మన్నకు మేనమామే లేడు! కిందపడి దొర్లుతూ నవ్వాడు. లేచి, పింఛారావు వినేలా అడిగాడు, "మేనేజరు గారి ఈకలు ఎప్పుడు రాలతాయి?"

"రేపు మధ్యాహ్నం."

మర్నాడు పింఛారావు కదిలితే ఒట్టు. తిండి లేదు, మాట లేదు. తుమ్మొస్తే ముక్కు నొక్కుకున్నాడు. సాయంత్రమైంది. ఒక్క ఈకా రాలలేదు.

"చూశారా, పెట్టె ముందే చెప్పబట్టి జాగ్రత్తపడ్డాను!" అన్నాడు.

ఇలాంటివాడిని ఏం చేస్తాం, పిల్లలూ?

ఇంతలో చెవులమ్మ ఆఫీసుకొచ్చింది.

"అయ్యా, మా గొట్టంలో నీళ్లు రావడం లేదు."

"నీళ్లు వస్తున్నాయి. నిండుగా వస్తున్నాయి" అంది పెట్టె.

"విన్నావుగా?" అన్నాడు పింఛారావు.

"మరి నా కుండ ఎండిపోయిందే!"

"అయితే కుండకే ఏదో అయ్యుంటుంది. మార్చుకో."

రెండో రోజు మళ్లీ వచ్చింది. "ఆకులు అడ్డుపడ్డాయి. అవే కొట్టుకుపోతాయి" అంది పెట్టె. మూడో రోజు వచ్చినప్పుడు చెవులమ్మ చంకలో చిన్నపిల్ల ఉంది. మెడ వాల్చేసింది. పెదవులు ఎండిపోయాయి.

గడప మీద కూర్చుని పల్లికాయలు ఒలుచుకుంటున్న కొమ్మన్న ఆ పిల్లను చూశాడు. నవ్వు ఆగిపోయింది. పరుగున వెళ్లి ఏనుగు తొట్టిలోంచి దొప్పెడు నీళ్లు తెచ్చి పిల్ల నోట్లో పోశాడు. పిల్ల కళ్లు తెరిచింది.

"మిగిలిన ముగ్గురు ఇంటి దగ్గరే ఉన్నారు కొమ్మన్నా" అంది చెవులమ్మ, ఏడుస్తూ.

లోపల పింఛారావు అద్దంలో చూసుకుంటున్నాడు. ఆయనకు చెప్పినా నమ్మడు. పెట్టె చెబితేనే నమ్ముతాడు. కొమ్మన్న కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత పెట్టె ముందుకెళ్లి గట్టిగా అడిగాడు.

"ఇవాళ రాళ్ల మిట్ట మీద మేనేజరు గారికి సన్మానం ఉందట కదా?"

"ఉంది. పది గంటలకు. పూలదండ కూడా ఉంది" అంది పెట్టె.

పింఛారావు ఎగిరి గంతేశాడు. ఈకలు దువ్వుకుని ఎర్రటి ఎండలో బయల్దేరాడు. కొమ్మన్న దొప్పల్లో నీళ్లు నింపుకుని వెనకే నడిచాడు. "ఆ నీళ్లెందుకురా?" అంటే, "సన్మానానికి వచ్చినవాళ్లకు సార్" అన్నాడు. చెవులమ్మ పిల్లనెత్తుకుని వెంట వెళ్లింది.

మిట్ట ఎక్కేసరికి పింఛారావుకు నాలుక పిడచకట్టింది. పూలదండ లేదు. సభ లేదు. బోర్లించిన కుండలూ, నీడన పడుకున్న ముగ్గురు కుందేలు పిల్లలూ ఉన్నారు. కొమ్మన్న దొప్పలు పిల్లలకిచ్చేశాడు.

"ముందు నాకు నీళ్లు!" అన్నాడు పింఛారావు.

"గొట్టంలో నిండుగా వస్తున్నాయి కదా సార్. పట్టుకోండి" అన్నాడు కొమ్మన్న.

పింఛారావు గొట్టం కింద నోరు పెట్టాడు. ఒక్క చుక్క రాలేదు. గట్టిగా పీల్చాడు. గొట్టంలోంచి దుమ్ము, దుమ్ముతోపాటు ఒక సాలెపురుగు వచ్చి ముక్కు మీద కూర్చుంది.

ఆయన దాన్ని దులుపుకున్నాడు. పిల్లల వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"కొమ్మన్నా, గట్టెమ్మను పిలుచుకురా. మేనేజరు బతిమాలుతున్నాడని చెప్పు."

గట్టెమ్మ వచ్చింది. "గొట్టం ఎక్కడ పాడైపోయిందంటావు?" అని అడిగాడు పింఛారావు.

"ఏమో బాబూ, చూస్తేగా!"

గొట్టం వెంట నడిచింది. మూడుచోట్ల పొట్ట ఆనించింది. మూడోచోట మట్టి చల్లగా తగిలింది. అడవిపంది వీపు గోక్కుంటే గొట్టం పగిలింది. నీళ్లన్నీ నేలలోకి ఇంకిపోతున్నాయి. మధ్యాహ్నానికల్లా కొత్త వెదురు వేశారు. చెవులమ్మ పిల్లలు గొట్టం కిందే కూర్చుని కడుపు నిండా తాగారు.

మర్నాడే పింఛారావు కొంగను పిలిపించాడు.

"ఆ మర వెనక్కి తిప్పెయ్యి నాయనా. గట్టెమ్మా, నువ్వు ఇవాళ్టి నుంచే పనిలోకి రా."

మర తిప్పగానే గట్టెమ్మ పెట్టె ముందు కూర్చుంది.

"అమ్మా, నీకు తెలియని చోట్లు ఏవో చెప్పు" అంది.

"రాళ్ల మిట్ట, వెదురుపొద వంపు, ముళ్లపందుల బొరియల వరస. అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలియదు" అంది పెట్టె.

గట్టెమ్మ మొహం వెలిగిపోయింది.

"ఎంత మంచిమాట చెప్పావు! ఇన్నాళ్లూ అడవంతా తిరిగేదాన్ని. ఇక ఈ మూడు చోట్లకూ వెళ్తే చాలు."

కర్ర తీసుకుని బయల్దేరింది. సన్మానమని అబద్ధమాడించినందుకు కొమ్మన్నకు ఒక శిక్ష పడింది. ఆ చోట్ల చుట్టాల్సిన తీగల చుట్ట మోసుకుంటూ ఆమె వెనకే నడిచాడు.

నీతి: తెలియదని చెప్పడం చిన్నతనం కాదు, ఆ మాట చెప్పనివ్వనివాడికి చివరికి దొరికేది అబద్ధమే.