ఖాళీ వరుస

సోమయాచారిగారు వరుసలతోనే లెక్కలు చేసే కంప్యూటర్ భాష ఒకటి తయారుచేశారు. అందులో అంకెల వరుసను సాగదీస్తే కొసన సున్నాలు చేరాలి. అక్షరాల వరుసను సాగదీస్తే ఖాళీ జాగాలు చేరాలి. అసలేమీ లేని వరుసల్ని ఎలా దాచాలో తేల్చే పని శిష్యుడు దివాకరానికి అప్పగించారు.

దివాకరం ఆ ప్రోగ్రాం రాశాడు. తీరా సరిచూద్దామని, అక్షరాలన్నీ తీసేసిన ఒక పేరును సాగదీస్తే ఖాళీ జాగాలకు బదులు బారుగా సున్నాలు వచ్చి కూర్చున్నాయి.

తన రాతలో తప్పుంటుందని అతగాడికి తోచనే లేదు. తోటి శిష్యురాలు ఝాన్సీ ఏదో కెలికిందనుకున్నాడు. అనుమానం పెనుభూతం కదా! ఆమె నవ్వితే అదొక సాక్ష్యం, నవ్వకపోతే ఇంకా పెద్ద సాక్ష్యం. ఆమె టీకి లేచినా అతని కళ్లు వెంట వెళ్లేవి. చివరికి ఆమె ఎదుటే గురువుగారి దగ్గర పంచాయితీ పెట్టాడు.

"ఈవిడ నా రాతలో చెయ్యి పెట్టింది గురువుగారూ. ఇక్కడ ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఝాన్సీ మొహం పాలిపోయింది. "నేను ముట్టుకోలేదండీ," అంది.

గురువుగారు ఆమెనేమీ అడగలేదు.

"ఖాళీ వరుసల్ని ఎలా దాచావు నాయనా?"

"అన్నిటికీ ఒకటే గుర్తు పెట్టానండీ. లోపల ఏమీ లేనప్పుడు అంకెలవేమిటి, అక్షరాలవేమిటి?"

"సరే. అరిచి అరిచి గొంతెండినట్టుంది, కాస్త మజ్జిగ తాగు."

ఆయన లేచి పెరట్లోంచి ఒక సీసా తెచ్చారు. దివాకరం కళ్లముందే దాన్ని బోర్లించారు. చుక్క రాలలేదు. అందులో మజ్జిగ పోసి చేతికిచ్చారు.

దివాకరం సీసాను వెలుగులో పెట్టి చూశాడు. గురువుగారి మొహం చూశాడు. ఎందుకో నమ్మకం కుదరలేదు. మూతి దగ్గర వాసన చూసి చటుక్కున దూరంగా పట్టుకున్నాడు.

"ఇది కిరసనాయిలు సీసా అండీ!"

"నేను మజ్జిగ పోసేముందు అందులో ఏముంది?"

"ఏమీ లేదు, కానీ ఖాళీ అయినా అది కిరసనాయిలుదే..."

సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. సీసా కింద పెట్టాడు. గురువుగారి వైపు కాకుండా ఆమె వైపు తిరిగాడు.

"ఝాన్సీ," అన్నాడు, "ఆ సున్నాలు నావే."