జుంటాలమ్మ గుహలో విప్పిన తలపాగా

కోనదుర్గం దాటి అడవిబాట పట్టిన భక్తులకు అమ్మవారి గుహ కనబడక ముందే వినబడుతుంది. గుహ అంచున వేలాడే పెద్ద పెద్ద తేనెపట్ల హోరు అది. ఇక్కడ గంట మోగించరు, ధూపం వేయరు. పసుపు నీళ్ళు, మౌనం, ఈ రెండే జుంటాలమ్మకు ప్రీతి. దారి పొడవునా సీతాఫలం చెట్లున్నాయి. ఆ పళ్ళ రుచి వర్ణించడం మొదలుపెడితే కథ వెనకబడుతుంది గనుక ఆ సంగతి అలా ఉంచుదాం.

పూర్వం ఈ దుర్గాన్ని ఏలిన రాజుకు కుప్పమదేవి ఒక్కతే సంతానం. ఆమెను చేపట్టినవాడికే దుర్గం. అది తెలిసే కాటయ అనే యోధుడు దూరదేశం నుంచి వచ్చి కొలువులో చేరి, యుద్ధాలు గెలిచి నాయకుడయ్యాడు. అతని తలపాగా ఎప్పుడూ కనుబొమల దాకా దిగి ఉండేది. అదే సొగసనుకుని కుర్రకారంతా అలాగే చుట్టుకునేవారు. దాని కింద, నొసట, కుక్కపాదం వాత ఉంది. చిన్నతనంలో ఆకలికి తాళలేక ధాన్యం దొంగిలించినందుకు పరరాజ్యంలో వేసిన ముద్ర. అటువంటి వాత ఉన్నవాడు కొలువులో దొరికితే ఆ రోజుల్లో కొండ మీదినుంచి తోసేవారు.

"నిద్రలోనైనా తలపాగా తీస్తావా నాయకా?" అని కుప్పమదేవి ఒకనాడు ఆటపట్టించింది.

"తీస్తే నేను తమ గురించి కనే కలలు ఎగిరిపోవూ, దొరసానీ!"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ కలల్లో ఉన్నది నేనా, దుర్గమా?"

కాటయ తలపాగాను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. అబద్ధమాడటానికి జంకే మనిషి కాదు. నిజమేదో తనకే తెలియదని అప్పుడు గ్రహించి హడలిపోయాడు.

రాజు పెళ్ళికి ఒప్పుకున్నాడు గాని, అమ్మవారి ఎదుట ఇద్దరం కూర్చుని లేచాకే పెళ్ళి అని ఆమె పట్టుపట్టింది. పెళ్ళికొడుకు హోదాలో వెళుతున్నాను గదా అని కాటయ ఒళ్ళంతా జవ్వాది పూసుకున్నాడు. అదే పొరపాటు. గుహ దగ్గర పూజ చేసే చెంచు ముసలమ్మ ఈరమ్మ ముక్కు మూసుకుంది.

"ఏం దొరా, అమ్మను చూడొచ్చినావా, ఈగలకు పెండ్లికొడుకువై వచ్చినావా? పో, వాగులో కడుక్కొనిరా!"

కడుక్కున్నా వాసన పూర్తిగా పోలేదు. "లేచినాయంటే పరుగెత్తొద్దు. తల కప్పుకొని కూకోండి. కప్పుకోనోళ్ళు బతకరు" అని చెప్పి ఆమె పక్కకు తప్పుకుంది. వెంట వచ్చిన రాజు దూరంగా బండ మీద నిలబడ్డాడు.

ఇద్దరూ కూర్చున్న కాసేపటికి హోరు ఆగిపోయింది. కాటయ తలెత్తి చూశాడు. మరుక్షణం గుహలో వెలుతురు నల్లబడింది. కుప్పమదేవి పైట పల్చని పట్టు. ఈగలు అప్పుడే ఆమె జుట్టులో దూరుతున్నాయి. తలపాగా తలమీదే ఉంటే కాటయ ప్రాణానికీ, రహస్యానికీ ఢోకా లేదు. ఆమె కేక వేసింది.

ఈగలు మళ్ళీ పట్టుకెక్కాక రాజు పరుగున వచ్చాడు. కూతురు మూరల కొద్దీ తలపాగా గుడ్డలో ముడుచుకుని క్షేమంగా ఉంది. ఆమెకు అడ్డుగా, గుర్తుపట్టలేనంతగా వాచిన ముఖంతో కాటయ. నొసట కుక్కపాదం.

"దొంగ వెధవా!" అని రాజు కత్తి దూశాడు.

కుప్పమదేవి గుడ్డ తొలగించుకుని అడ్డుపడింది. "నేనా, దుర్గమా? ఇప్పుడు చెప్పు."

"తెలియదు దొరసానీ. దుర్గం కోసమే వచ్చాను. ఈ తలపాగా ఎప్పుడు విప్పానో మాత్రం నేనెరుగను."

"అయితే అమ్మే విప్పించి, అమ్మే నిన్ను కాచిందన్నమాట" అంది ఆమె. "నాన్నగారూ, దుర్గం ఎవరికైనా ఇచ్చుకోండి."

రాజు కత్తి దించాడు గాని దుర్గాన్ని తన మేనల్లుడికి కట్టబెట్టాడు. కాటయ, కుప్పమదేవి పెళ్ళి చేసుకుని గుహ దగ్గరే అమ్మవారి సేవలో ఉండిపోయారు. కాటయ నొసటి వాత మాయమైందని కొందరు చెబుతారు. ఇక్కడి పెద్దలు ఒప్పుకోరు. అది చివరిదాకా ఉందనీ, అతడు దాన్ని మళ్ళీ దాచలేదనీ అంటారు.

ఈనాటికీ ఈ ప్రాంతంలో పెళ్ళికి ముందు వరుడు ఇక్కడ తలపాగా విప్పి వధువుకు కప్పి, వట్టి తలతో ఆ పట్ల కింద కూర్చుంటాడు. వణకని వరుడిని ఎవరూ చూడలేదు. అలా కూర్చున్న జంటను జుంటాలమ్మ నిండు నూరేళ్ళు కాస్తుందని నమ్మకం. ఆ తలపాగా మళ్ళీ అతని తలకెక్కదు. తొలిచూలు బిడ్డకు దానితోనే ఉయ్యాల కడతారు.