పుట్టబోయే పాప కొండచరియ

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో బంగారం, చెబుతాను. ఆ ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా బొమ్మలే. చిలకలు, బొంగరాలు, లక్కపిడతలు, పసిపిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు.

ఆ బొమ్మలన్నీ అంకుడు కర్రతో చేస్తారు. అంకుడు కర్ర వెన్నలా మెత్తన. తరిణె మీద బిగించి గిరగిరా తిప్పుతూ ఉలి ఆనిస్తే చాలు, ఉల్లిపొరలా లేచి వస్తుంది. ఆ తర్వాత లక్క పూస్తారు. పసుపు కొమ్ములతో ఒక రంగు, జాఫ్రా గింజలతో ఒక రంగు, నీలిమొక్కతో ఒక రంగు. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే ఆ బొమ్మలో మన మొహం మనకే కనబడుతుంది.

అంకుడు చెట్లేమో కొండ మీద ఉన్నాయి. కొండకి నాలుగు చరియలు. ఎర్రమట్టి చరియ, నెమలి చరియ, ఎండ చరియ, ఊట చరియ. ఏడాదికి ఒక్క చరియలోనే కర్ర కొట్టాలి. అదీ మోకాలెత్తున, ఏటవాలుగా కొట్టాలి. అలా కొడితే వాన నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, మోడు కుళ్ళదు. కొట్టిన చోట ఇంత పేడ మెత్తాలి. అప్పుడు మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. మళ్ళీ ఆ చరియ వంతు వచ్చేసరికి ఒక్కో పిలకా మణికట్టంత అవుతుంది.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉండేది. కర్ర కొట్టబోయే ముందు, ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడపిల్లకి గాజులు వేసి, పూలు పెట్టి కొండ మీదికి తీసుకెళ్ళేవారు. ఒక పెద్దావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, కడుపులో బిడ్డతో చెప్పేది. "ఇదిగో, ఈ చరియ ఈ ఏడు మాది. మిగిలిన మూడూ నీవి." దాన్ని వాటా చెప్పడం అనేవారు. వాటా చెప్పాక ఆ మూడు చరియల్లో ఎవరూ గొడ్డలి పట్టుకుని అడుగుపెట్టరు.

వాటా చెప్పే పెద్దావిడ పేరు నూకాలు. ఏ ఏడు ఏ చరియ వంతో ఆవిడ నాలిక చివరనే ఉండేది. వాళ్ళ అత్తగారు ఆవిడకి చెప్పారు. అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పారు.

అయితే నూకాలుకి ఈ మధ్య మతిమరుపు మొదలైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. పొయ్యి మీద పాలు పెట్టి, పాలగిన్నె కోసం వీధంతా వెతికేది. అవన్నీ ఫరవాలేదు. "కొండ సంగతి మరిచిపోతే ఎలా?" అన్నదే ఆవిడ దిగులు. ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారని.

ఆ ఏడు కడుపుతో ఉన్నది నూకాలు కోడలే. పేరు దాలమ్మ. ఊరంతా కొండెక్కింది. నూకాలు కోడలి చెయ్యి పట్టుకుంది, నోరు తెరిచింది. అంతే. ఆ ఏడు వంతు ఏ చరియదో గుర్తు రాలేదు. ఎర్రమట్టి వైపు చూసింది, నెమలి వైపు చూసింది. గుర్తు రాలేదు.

"మామ్మకి ఎండ తగిలింది, పదండి" అన్నాడు ఒకడు. కొడుకు సింహాద్రి సిగ్గుపడి, తల్లిని మెల్లగా కిందికి దింపుకుని వచ్చాడు. ఆ ఏడు వాటా చెప్పడం జరగనే లేదు.

వాటా చెప్పలేదు కాబట్టి హద్దూ లేకుండా పోయింది. దగ్గరగా ఉందని ఎర్రమట్టి చరియ కొట్టారు. అప్పుడు పట్నం నుంచి ఒక షావుకారు వచ్చాడు. ఉన్న బొమ్మలన్నీ కొనేసి "ఇంకా కావాలి" అన్నాడు. నెమలి చరియ కొట్టారు.

ఆ తర్వాత షావుకారు మళ్ళీ వచ్చాడు. "ఈసారి పెద్ద పెద్ద ఏనుగులు కావాలి" అన్నాడు. ఏనుగుకి లావు కర్ర కావాలి కదా. లావంతా చెట్టు మొదట్లోనే ఉంటుంది. అందుకని ఎండ చరియలో మోకాలెత్తు మాట మరిచిపోయి, వేళ్ళతో సహా తవ్వి తీశారు.

అప్పుడు వానలు పడ్డాయి. పట్టుకునే వేళ్ళు లేక ఎండ చరియ మట్టంతా జారి ఊళ్ళోకి వచ్చింది. అరుగుల మీద బురద, తరిణెల్లో బురద. దాలమ్మ అంత పొట్టతో వంగి వంగి ఇంట్లోని బురద ఎత్తిపోసుకుంది.

ఊళ్ళోవాళ్ళకి బుద్ధి వచ్చిందనుకున్నావా? రాలేదు. షావుకారు మూడోసారి కబురు పెట్టాడు, ఇంకా ఏనుగులు కావాలని. మిగిలింది ఊట చరియ ఒక్కటే. ఊరు తాగే నీళ్ళు అక్కడి ఊటవే. అయినా సరే, తెల్లారేసరికి మగాళ్ళంతా సింహాద్రి అరుగు మీద చేరి గొడ్డళ్ళు సానపెడుతున్నారు.

నూకాలు తెడ్డు పట్టుకుని బయటికి వచ్చింది. "ఎక్కడికిరా ప్రయాణం?"

"ఊట చరియకే అమ్మా. ఇంకెక్కడుంది కర్ర?"

"అదెవరిది?"

"ఎవరిదేటి? మనదే" అన్నాడు సింహాద్రి. "పుట్టనోళ్ళొచ్చి గొడవ చేస్తారా ఏటి?" అని ఇంకొకడు నవ్వాడు.

నూకాలు ఆ నవ్వు విననట్టే ఉంది. "ఆ రోజు నా నోట మాట రాలేదు. నిజమే. నేను మరిచిపోయినంత మాత్రాన అది మీదైపోదు. ఎవరిదో వాళ్ళని అడిగి నరకండి."

"ఎవర్ని అడగమంటావమ్మా?"

నూకాలు తెడ్డుతో కోడలి పొట్ట చూపించింది. అరుగంతా గొల్లున నవ్వింది.

"కడుపులో బిడ్డ జవాబెలా చెబుతుంది మామ్మా?"

"అయితే జవాబు వచ్చేదాకా ఆగండి."

దాలమ్మ మెల్లగా వచ్చి, సానరాయి తీసి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. మొగుడితో అంది. "పెళ్ళికి నన్నడిగావు కదా. నీ బిడ్డని కూడా అడిగితే నీ సొమ్మేం పోయింది?"

తల్లీ పెళ్ళామూ ఒక్క మాట మీదుంటే ఏ మగాడు గొడ్డలెత్తుతాడు చెప్పు? సింహాద్రి గొడ్డలి చూరులో దోపేశాడు. అతని వెనకే ఒక్కొక్కరూ ఇళ్ళకి పోయారు.

మరి తిండి ఎలా? అదీ నూకాలే చూసింది. చెట్లు కొట్టినప్పుడు సన్న కొమ్మలన్నీ పొయ్యిలోకని పెరట్లో కుప్ప పోశారు. వేలంత కర్రలు, బొటనవేలంత కర్రలు. "ఇవి అంకుడు కావట్రా?" అని కొడుకుని అడిగింది. సింహాద్రి ఒక పుల్ల తీసి తరిణె మీద పెట్టాడు. బుల్లి గిలక వచ్చింది. ఆ తర్వాత చెవి లోలాకులు వచ్చాయి. ఆ తర్వాత చంటిపిల్లల అరచేతిలో ఇమిడే బొంగరం వచ్చింది. ఏనుగుకి పట్టే కర్రతో ఎన్ని బొంగరాలు అవుతాయో అప్పుడు తెలిసింది ఊరికి.

షావుకారు బండి కట్టుకుని వచ్చాడు. "నా ఏనుగులేవి?"

"చరియ గలవాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు బాబూ" అంది నూకాలు. షావుకారు ఈ ఊరికి పిచ్చెక్కిందనుకున్నాడు. ఉత్త బండితో వెళ్ళడం ఎందుకని గిలకలూ లోలాకులూ పట్టుకెళ్ళాడు. పట్నంలో అవి చిటికెలో అయిపోయాయి.

ఆ తర్వాత దాలమ్మకి ఆడపిల్ల పుట్టింది. షావుకారు మళ్ళీ వచ్చి ఉయ్యాల్లోకి తొంగి చూశాడు. పాప "ఉంగా" అంది.

"ఇది ఔననా, కాదనా?" అన్నాడు.

"ఇంకా ఆలోచిస్తోంది" అంది నూకాలు.

నూకాలు ఆ పిల్లని చంకనేసుకుని రోజూ కొండెక్కేది. గుర్తొచ్చినప్పుడల్లా ఏ చరియ తర్వాత ఏ చరియ వంతో పిల్లకి చెప్పేది. మోకాలెత్తున కొట్టిన చోట పిలకలు లేచాయి. ఎర్రమట్టి చరియ పచ్చబడింది, నెమలి చరియ పచ్చబడింది. ఎండ చరియలో మాత్రం ఒక్క ఆకు లేదు. ఆ తర్వాత ఊట చరియకి వెళ్ళి, ఎండిన అంకుడు కాయలు ఏరి తెచ్చేది. ఆ కాయ చీలిస్తే లోపల విత్తనాలకి పట్టు కుచ్చులుంటాయి. పిల్ల వాటిని ఉఫ్ మని ఊదేది. అవి తేలుకుంటూ వెళ్ళి ఎండ చరియ మీద వాలేవి. వానలకి కొన్ని మొలిచాయి. ఊరివాళ్ళు చూసి, వాళ్ళూ విత్తనాలు తెచ్చి నాటారు. మొక్కలకి ఊట నీళ్ళే మోశారు. "మీ చరియ కాదమ్మా ఇది, ఇంకా పుట్టనోళ్ళది" అని నూకాలు అంటే, "తెలుసులే మామ్మా" అనేవారు.

షావుకారు ఇంకోసారి వచ్చేసరికి పిల్ల వీధిలో పరుగులు పెడుతోంది. షావుకారు గొంతుక్కూర్చుని, ఇంత బెల్లంముక్క చేతిలో పెట్టి, ముద్దుగా అడిగాడు. "ఆ ఊట చరియ నాకిస్తావా తల్లీ?"

పిల్ల బెల్లం నోట్లో వేసుకుంది. చప్పరించింది. కొండకేసి చూసింది. "నాది" అంది.

ఊరంతా పడిపడి నవ్వింది. "బెల్లం తిని మరీ లేదంటావా?" అని షావుకారూ నవ్వాడు. ఆ రోజు నుంచి ఏనుగుల ఊసెత్తలేదు. ఊరు ఇవ్వగలిగినవే అడిగి పట్టుకెళ్ళేవాడు.

పిలకలు మణికట్టంత అయ్యాక మళ్ళీ కర్ర కొట్టే రోజులొచ్చాయి. ఈసారి కడుపుతో ఉన్నది పక్కింటి పిల్ల. ఊరంతా కొండెక్కింది. నూకాలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది, నోరు తెరిచింది. మాట రాలేదు. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. గొడ్డళ్ళన్నీ కిందే ఉన్నాయి. ఆవిడకి గుర్తొచ్చేదాకా ఆగుదామని అందరూ నేల మీద కూర్చున్నారు.

అప్పుడు మనవరాలు జనం మధ్యలోంచి వచ్చింది. పక్కింటి పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, రోజూ వినే మాటలా చెప్పేసింది. "ఎర్రమట్టిది మనది. మిగిలినవి పాపవి."

నూకాలు మనవరాలి కేసి చూసింది. ఆ తర్వాత అక్కడే ఒక రాయి మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

ఆ రోజు నుంచి నూకాలు హాయిగా మరిచిపోయింది. పాలు మరిచిపోయింది, ఉప్పు మరిచిపోయింది, ఒక్కోరోజు మనవరాలి పేరే మరిచిపోయేది. దిగులు మాత్రం పడలేదు. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని, వీధిలో పిల్లలు చెమ్మచెక్కలాడుతూ పాడుకునేది వినేది.

ఒక్క చరియ మాది,
మూడు చరియలు నీవి.
మోకాలెత్తున కొట్టాలి,
మోడుకి పేడ పెట్టాలి.
వాన జారి పోవాలి,
పిలక లేచి రావాలి.
నువ్వు పెద్దయ్యాక చూడు,
ఒక్క చరియే నీది.
మూడు చరియలు ఎవరివి?
కళ్ళింకా తెరవని వాళ్ళవి.

కథేమో కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే ఉన్నాం కదా బంగారం, ఇక నిద్ర దారి పడదాం.