గురువమ్మ పీట

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, కొండ కింద ఒక పల్లె. పల్లె చివర ఒక పూరిల్లు. అందులో గురువమ్మ అని ఒక అవ్వ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, పలకరించే దిక్కు లేదు.

ఇంటి వెనక కాస్త చోటులో అవ్వ వెల్లుల్లి వేసేది. ఆకులు పండుబారగానే నీళ్ళు ఆపేది. గడ్డలు పీకి, ఆకులతో సహా నీడన ఆరబెట్టేది. ఆ ఆకులనే జడలు అల్లి, పొగ తగిలేలా పొయ్యి మీది వాసాలకు వేలాడదీసేది. అల్లుతూ ఆ గడ్డలతోనే మాట్లాడేది. మరి ఇంకెవరున్నారు?

"జడెయ్యడానికి ఆడపిల్ల లేక, వెల్లుల్లికి వేస్తాంది ముసల్ది!" అని ఊరు నవ్వేది. ఆ నవ్విన మహాతల్లులేమో పచ్చి గడ్డల్నే గంపల్లో కుక్కి మూత పెట్టేవాళ్ళు.

ఒక ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. గంపల్లో వెల్లుల్లి కుళ్ళి కంపు కొట్టింది. బాలింతలకు కారం నూరదామంటే ఊళ్ళో ఒక్క రెబ్బ లేదు. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ!

ముందు సుంకులమ్మ వచ్చింది, బాలింత కూతురి కోసం. అవ్వ పీట వాల్చింది.

"కూచో తల్లీ."

"మళ్ళొస్తాలే అవ్వా."

అవ్వ ఇచ్చిన వెల్లుల్లి జడ పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఓబుళమ్మ వచ్చింది, బాలింత కోడలి కోసం.

"కూచో తల్లీ."

"మళ్ళొస్తాలే అవ్వా."

చివరికి తిప్పక్క వచ్చింది, దగ్గుతున్న బిడ్డ కోసం.

"కూచో తల్లీ."

"పొయ్యి మీద గంజి పొంగుతాదవ్వా. మళ్ళొస్తాలే."

అవ్వ బదులుగా ఏమీ అడగలేదు. కాసేపు కూర్చోమంది. అదొక్కటే ఎవరికీ కుదరలేదు. వస్తారేమోనని వాల్చిన పీట ఎత్తడానికి అవ్వకు మనసొప్పలేదు.

వాన వెలిసింది. చలిగాలి మొదలై, వెల్లుల్లి నాటే అదను వచ్చింది. ఎవరింట్లోనూ విత్తనం లేదు. ముగ్గురూ కలిసి అవ్వ ఇంటికి వెళ్ళారు.

పొయ్యి చల్లారిపోయింది. పక్కనే అవ్వ గోడకు ఒరిగి ఉంది, ప్రాణం లేదు. ఎదురుగా పీట వాల్చే ఉంది. పైన ఒక్క జడ మిగిలింది, అన్నిట్లోకీ పెద్ద గడ్డలది. ఊరికి విత్తనంగా ఉండాలని అవ్వ దాన్ని ముట్టుకోలేదు.

అవ్వను సాగనంపి వచ్చి, తిప్పక్క ఆ పీట మీద కూలబడి ఏడ్చింది. మిగతా ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. పొద్దుగూకేదాకా అక్కడే ఉండి, జడ విప్పి, రెబ్బలు విడదీసి, ఇంటింటికీ పంచారు.

ఇప్పటికీ ఆ పల్లెలో వెల్లుల్లిని ఎవరూ నిలబడి పుచ్చుకోరు. ఇచ్చేవాళ్ళు పీట వాల్చి "కూచో తల్లీ" అంటారు. ఎంత తొందరున్నా, ఒక రెబ్బ ఒలిచేంతసేపైనా కూర్చోవాలి. ఎవరైనా నోరుజారి "మళ్ళొస్తాలే" అంటే, ఇంటివాళ్ళు జడ ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని అంటారు:

"అవ్వతో కూడా ఇట్లానే అన్నారు. కూచో."