గంతు లేని రికార్డు

అనగనగా, అడవులకు కూడా నాట్యశాలలున్న కాలంలో, మదకేతుడనే ఏనుగు ఒక అడవిని ఏలేవాడు. ఆయన నాట్యశాలకు కంటకుడనే ముళ్లపంది అధికారి. కంటకుడికి అన్నిటిమీదా అనుమానమే. తన నీడ తనకన్నా ముందు నడిచినా ఆగి చూసేవాడు.

ఆ శాలలో ఒకే ఒక్క రికార్డు ఉండేది. చిత్రకంఠి అనే గోరువంక ఏనాడో పాడిన, మనసు కరిగించే సోల్ పాటలు, కాలు కదిపించే డిస్కో పాటలు అందులో ఉన్నాయి. కంటకుడు తన ముల్లునే సూదిగా పెట్టి దాన్ని మోగించేవాడు. మొదటి పాట రెండో చరణం మధ్యలో సూది ఒక్కసారి ఎగిరి, పాట కొంత ముక్క దాటి ముందుకు పడేది. అక్కడ అడవి అంతా ఒక గంతు వేసేది. తాతల నాటి నుంచీ నాట్యం అలాగే సాగుతోంది.

గోరువంక పోయింది. రికార్డు అరిగింది. కొత్తగా అచ్చు వేయించాలని రాజు చాటింపు వేయించాడు.

ఇద్దరు వచ్చారు. ఒకడు శ్వేతపక్షుడనే కొంగ, రెండోవాడు ధూసరుడనే నక్క. గోరువంక పాడినప్పుడు తీసిన అసలు అచ్చు తన దగ్గరే ఉందని ఇద్దరూ చెప్పారు. ఎవరిది నిజమో కంటకుడు తేల్చాలని, రెండోదాన్ని కొలిమిలో కరిగించాలని రాజు ఆజ్ఞ.

కంటకుడి అనుమానం ముందే నక్క మీదికి పోయింది. నక్క నిజం చెబితే ఎండాకాలంలో వరద వస్తుందని పక్కవాళ్లతో అన్నాడు కూడా.

మొదట నక్క అచ్చుతో వేసిన రికార్డు పెట్టారు. గొంతు తేటగా ఉంది. రెండో చరణం వచ్చింది, అందరూ గెంతారు. పాట మాత్రం ఎగరకుండా తన దారిన తాను పోయింది. కుందేళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రాజుగారి పాదం మంత్రి కోతి తోక మీద పడింది.

"దొంగ సరుకు మహాప్రభూ," అన్నాడు మంత్రి, తోక ఊదుకుంటూ. "గంతునే మింగేశాడు."

తర్వాత కొంగ రికార్డు పెట్టారు. సరిగ్గా అక్కడే పాట ఎగిరింది. శాల చప్పట్లతో దద్దరిల్లింది. కొలిమి రాజేశారు.

నక్క కంటకుడి ముందు మోకరిల్లాడు. "అయ్యా, నేను అబద్ధాలాడిన రోజులున్నాయి. ఈ అచ్చు మాత్రం ఆ పిట్ట గొంతే. కరిగిస్తే మళ్లీ పుట్టదు."

కంటకుడు అతన్ని నమ్మలేదు. కానీ ఇంతమంది ఒకే మాట అనడం అతనికి అంతకన్నా నచ్చలేదు. ఇంకొక్క పరీక్ష ఉందన్నాడు.

పాత రికార్డు తీసి, పాట ఎగిరే చోట మెల్లగా గోరుతో తడిమాడు. గోరు తగులుకుంది. అక్కడ లోతుగా ఒక గీత ఉంది. కొంగ రికార్డు మీద అదే చోట తడిమాడు. అద్దంలా నున్నగా ఉంది.

"కొంగగారూ, మా రికార్డు గీత పడి ఎగురుతోంది," అన్నాడు. "మీదానికి గీతే లేదు. మరి ఎందుకు ఎగిరింది?"

"పాటే అంత నాయనా."

"పాటే అంత అయితే మాదానికి గీతతో పనేముంది?"

కొంగ జపం చేస్తున్నట్టు కళ్లు మూసుకున్నాడు. రాజు తొండం ఎత్తేసరికి తెరిచాడు. కిందటి వానాకాలం ఇదే శాలలో అతిథిగా ఉన్నప్పుడు, పాత రికార్డును మోగించి ఆ చప్పుడు నుంచే అచ్చు తీశానని ఒప్పుకున్నాడు. పాటతోపాటు గాయం కూడా నకలైంది.

కొంగ అచ్చు కొలిమిలోకి పోయింది. నక్క రికార్డు మళ్లీ మోగింది. రెండో చరణంలో, ఇన్నాళ్లూ గీత మింగేసిన చోట, గోరువంక చిన్నగా నవ్వడం అడవి మొదటిసారి విన్నది. కంటకుడి కాలు మాత్రం గంతుకు లేవబోయింది. రెండో కాలితో దాన్ని తొక్కి పెట్టాడు.

అలవాటైనదల్లా అసలైనది కాదు; అనుమానించేవాడు ఎదుటివాడికన్నా ముందు తన అలవాటును అనుమానించాలి.