పొయ్యిలోంచి తీసిన కట్టెలు

కొత్త ఫారెస్టరు వీరభద్రం కోపంతో ఊగిపోతున్నాడు.

"రిజర్వు అడవిలో ఉస్తాద్! పట్టపగలు! సారె మోసుకెళ్తున్నట్టు కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని దర్జాగా నడుస్తోంది. కేసు రాయాల్సిందే."

ఉస్తాద్ అంటే రేంజరు ఖాదర్ వలీ గారు. అడవి పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లంతా ఆయన్ని అలాగే పిలిచేవారు.

వీరభద్రం క్వార్టరు ముందు ఎండలో, మోపు పక్కన, కొండరెడ్ల ముసలామె బుల్లెమ్మ కూలబడి ఉంది.

"ఎండుపుల్లలే బాబూ. నిన్ననే మా పిల్ల కంది. నీళ్లు కాచాలి. ఒదిలెయ్ బాబూ."

"పట్టుబడ్డవాళ్లందరికీ ఇంట్లో ఎవరో ఒకరు కంటూనే ఉంటారు," అన్నాడు వీరభద్రం.

ఉస్తాద్ పెరట్లోకి నడిచారు. అక్కడ వీరభద్రం భార్య రాజ్యలక్ష్మి పసిబిడ్డ స్నానానికి నీళ్లు కాస్తోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో అడవి క్వార్టర్లలో అన్నీ కట్టెల పొయ్యిలే. కట్టెలు గార్డు తెచ్చి పడేసేవాడు. ఎక్కడివని ఏ ఇల్లాలూ అడిగేది కాదు, ఏ ఆఫీసరూ చెప్పేవాడు కాదు. అదొక ఆనవాయితీ. ఎంత సిగ్గుమాలిన ఆనవాయితీయో మీరే ఆలోచించండి!

ఉస్తాద్ వంగి, మండుతున్న కట్టెలన్నీ బయటికి లాగి, చెంబుడు నీళ్లు పోశారు. పొయ్యి చుయ్యిమంది.

"అయ్యో బాబాయిగారూ! పిల్లకి నీళ్లండీ!"

"తెలుసమ్మా."

పొగలు కక్కుతున్న ఆ కట్టెల్ని మోసుకొచ్చి బుల్లెమ్మ మోపు పక్కన పడేశారు.

"ఇవి కూడా కేసులో రాయి."

"ఇదేం పని ఉస్తాద్! అవి మా ఇంటివి!"

"ఏ తోటలో కొట్టించావు నాయనా?"

"గార్డు తెచ్చాడు..."

"ఎక్కణ్ణించి?"

ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని రాజ్యలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పరేం? ఎక్కణ్ణించి?" అంది.

వీరభద్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"సరే, తీసుకుపో," అన్నాడు బుల్లెమ్మతో.

ఆమె లేచి నిలబడింది గానీ కదల్లేదు.

"పొమ్మన్నానుగా! ఇంకా ఏం చూస్తున్నావ్?"

అప్పుడు ఉస్తాద్ గొంతు పెంచారు. ఆయన అలా అరవగా అంతకు ముందు ఎవరూ వినలేదు.

"తలమోపు ఎవరికి వారు ఎత్తుకోలేరయ్యా. వంగు!"