కళ్ళు తెరిచి దూకిన గొర్రె

కొండవాలున ఒక గొర్రెల దొడ్డి. ఆ దొడ్డి గడపలో మందను కాచే మందమ్మ తల్లి పడుకుని ఉంటుందని గొర్రెల నమ్మకం. అందుకే పొద్దుగూకే వేళ ప్రతి గొర్రే గడప ముందు కళ్ళు మూసుకుని, తల్లిని తొక్కకుండా ఎగిరి లోపలికి దూకేది.

బొల్లి అనే గొర్రె ఒకనాడు కళ్ళు తెరిచి దూకింది. "తాతా, అక్కడ మట్టి తప్ప ఏమీ లేదే!" అంది మందకు పెద్దయిన పొట్టేలు తాతతో.

"కళ్ళు తెరిచినదానికి ఇక్కడ చోటు లేదు. బయటే పడుండు!" అని కసిరాడు తాత.

బొల్లి కంచె బయటే ఉండిపోయింది. లోపల అందరూ ఒకరి మీద ఒకరు ఒరిగి నెమరేస్తుంటే, అక్క కొత్తగా ఈనిన పిల్ల అరుపు వినిపిస్తుంటే, దాని ప్రాణం కొట్టుకులాడేది. తప్పయిందని ఒక్క మాటంటే రానిస్తారు. కానీ చూసింది చూడలేదని ఎలా అంటుంది?

ఈ సంగతి పసిగట్టిన నక్క బొల్లి దగ్గరికి చేరింది.

"ఎంత తెలివైనదానివే! ఆ మొద్దులతో నీకేం పని? రేపు మీ అక్క పిల్లకి గడప తొలిదాటు కదా, అందరికంటే ముందు అదే దూకుతుంది. గడప అవతల నేను కాచుక్కూర్చుంటా. నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు. వాళ్ళ తిక్కా కుదురుతుంది, నీ పగా తీరుతుంది."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. పాపం, నక్క ఆ సామెతను నమ్ముకుంది. అనుమానం ఉన్నచోట ప్రేమ ఉండదనుకుంది.

మర్నాడు సాయంత్రం పిల్ల గడప ముందు నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఆగండి! లోపల నక్క ఉంది!" అని అరిచింది బొల్లి.

"దాని మాట వినకండి! ఎవరూ కళ్ళు తెరవొద్దు!" అన్నాడు తాత.

ఇక మాటలతో పని కాదని బొల్లి పరుగున వచ్చి, పిల్లను పక్కకు నెట్టి, గడప మీంచి ఎగిరి నేరుగా నక్క నడుం మీద దూకింది. నక్క కుయ్యోమంటూ కంచె ముళ్ళలోంచి దూరి పారిపోయింది. ఆ గోలకి మందంతా కళ్ళు తెరిచింది.

"గడప తొక్కకుండా దూకావే బొల్లీ!" అన్నాడు తాత, నమ్మలేనట్టు.

"దూకాను తాతా. మందమ్మ తల్లి ఉందో లేదో నాకిప్పటికీ తెలీదు. మీరు లేకుండా మాత్రం ఉండలేను."

తాత తనూ గడప దాటి లోపలికొచ్చి, పక్కన చోటిచ్చాడు. "రా తల్లీ, చలేస్తోంది. కళ్ళ సంగతి నీ ఇష్టం."

నీతి: మందలో ఉండాలంటే అడుగు కలిపితే చాలు, కళ్ళు మూసుకోనక్కర్లేదు.